టక్కుమనే దవడ.. తొందరపడితే తంటా!

పెరియకుళం: మామిడి కాపు మొదలైతే ఈ ఊళ్లో నోటికి పని ఎక్కువ. పచ్చికాయ కొరికినా, గట్టి మురుకు నమిలినా, నిద్దరొచ్చి పెద్దగా ఆవులించినా కొందరికి చెవి ముందు 'టక్' మని చప్పుడొస్తుంది. ఇంకొందరికి పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టుంటుంది. కణతల్లో పోటు. చెవిపోటేమోనని చెవిలో చుక్కలు వేసుకునేవారు కొందరు. పన్నునొప్పనుకుని మంచి పన్నే పీకించుకునేవారు కొందరు. తలనొప్పి బిళ్లలతో నెలలకు నెలలు నెట్టుకొచ్చేవారు మరికొందరు. తీరా చూస్తే చెవిలో లోపముండదు, పన్నులో పుచ్చుండదు. దవడ కీలులోనో, దాన్ని ఆడించే కండరాల్లోనో ఉంటుంది అసలు తిరకాసు.

ఈ జబ్బు మీద గత ఇరవై ఏళ్లలో ప్రపంచమంతా చాలా పరిశోధనే జరిగింది. మంచి పళ్లను అరగదీయడం, కీలు కోసి బిళ్ల తీసెయ్యడం లాంటి, మళ్లీ వెనక్కి తెచ్చుకోలేని పనులు ముందుగా చెయ్యొద్దన్నది అందులో తేలిన ముఖ్యమైన సంగతి. అలాగని 'అదే తగ్గుతుందిలే' అని కూచోవడానికీ లేదు. నోరు తెరుచుకోకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. వాటిలో కొన్నిటికి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

తలుపు బందూ తానే.. సొరుగూ తానే

రెండు చూపుడు వేళ్లను చెవుల ముందు ఆనించి నోరు తెరిచి మూసి చూడండి. వేళ్ల కింద ఏదో కదులుతున్నట్టు తెలుస్తుంది. అదే దవడ కీలు. కింది దవడ ఎముక కొసన ఉన్న గుండ్రటి తల, కణత ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. అందుకే డాక్టర్లు ఆ రెండు ఎముకల పేర్లూ కలిపి టెంపోరోమాండిబ్యులర్ జాయింట్ అంటారు, పొట్టిగా టీఎంజే. దీనికొచ్చే రకరకాల బాధలన్నిటికీ కలిపి పెట్టిన పేరు టీఎండీ. ఇది ఒక్క జబ్బు కాదు. ముప్పైకి పైగా ఉన్న వేర్వేరు సమస్యల మూట.

మోకాలు, మోచేయి మడతపడి తెరుచుకుంటాయి. దవడ కీలు అలా కాదు. నోరు తెరవడం మొదలుపెట్టగానే తలుపు బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే సొరుగులా ముందుకు జారుతుంది. పైగా కింది దవడ ఒకే ఎముక కాబట్టి కుడి కీలు కదిలితే ఎడమ కీలూ కదలాల్సిందే. ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తగా, గట్టిగా ఉండే ఒక బిళ్ల ఉంటుంది. డిస్క్ అంటారు. ఈ బిళ్ల కాస్త ముందుకు తప్పుకుంటే, నోరు తెరిచినప్పుడు ఎముక తల దాని మీదికి ఎక్కేటప్పుడు 'టక్' మంటుంది. ఎక్కలేకపోతే అక్కడే ఆగిపోతుంది. నోరు సగమే తెరుచుకుంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నొప్పి లేకుండా వచ్చే చప్పుడు రోగం కాదు. ఏ బాధా లేని ఆరోగ్యవంతులకు ఎమ్మారై తీసి చూసిన పరిశోధనల్లో దాదాపు మూడోవంతు మందికి ఈ బిళ్ల పక్కకు తప్పుకునే ఉంది. వాళ్లకు ఆ సంగతే తెలియదు. కాబట్టి స్కానింగులో 'డిస్క్ జరిగింది' అని రాసినంత మాత్రాన గాభరా పడక్కర్లేదు. వైద్యం చెయ్యాల్సింది ఫిల్ముకు కాదు, మనిషికి.

పళ్ల వరుస మీద పడ్డ నింద

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కోస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు పదకొండు మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశారు. వెనక దంతాలు ఊడిపోయి పై దవడా కింది దవడా మరీ దగ్గరవడం వల్లే చెవిపోటు, తలనొప్పి వస్తున్నాయన్నది ఆయన వాదన. ఆయన చెప్పిన శరీర నిర్మాణ కారణం తర్వాత నిలబడలేదు. కానీ 'పళ్లు సరిగ్గా కలవకపోతే దవడ నొప్పి వస్తుంది' అన్న నమ్మకం మాత్రం పాతుకుపోయింది. దాని పేరుతో దశాబ్దాల పాటు ఎందరి పళ్లనో అరగదీశారు. తొడుగులు వేశారు. తీగలు కట్టారు.

2003లో కోక్రేన్ సంస్థ తరఫున అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ ఏరి చూశారు. పళ్లను అరగదీసి సరిచేయడం వల్ల టీఎండీ తగ్గుతుందనడానికీ, రాకుండా ఆగుతుందనడానికీ ఆధారం దొరకలేదు. అరిగిన పంటి పింగాణీ మళ్లీ మొలవదు కదా!

ఇంతకంటే పెద్ద దెబ్బ కీలు మార్పిడిలో తగిలింది. 1980ల్లో అమెరికాలో వైటెక్ అనే కంపెనీ ప్రోప్లాస్ట్, టెఫ్లాన్ కలిపి చేసిన కృత్రిమ బిళ్లను మార్కెట్‌లోకి తెచ్చింది. టెఫ్లాన్ అంటే నాన్‌స్టిక్ పెనాల మీద పూసేదే. 1983లో అనుమతి వచ్చింది. వేలమందికి అమర్చారు. నమలడంలో పడే ఒత్తిడికి అది చితికి, రవ్వలు రవ్వలుగా రాలింది. ఆ రవ్వల మీద శరీరం తిరగబడింది. చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయింది, కొందరికి పుర్రె అడుగు ఎముక దాకా. 1990-91లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ వాటిని వెనక్కి తెప్పించింది. ఒక ఆపరేషన్‌తో పోవాల్సిన బాధ పది ఆపరేషన్లకు దారి తీసిన రోగులూ ఉన్నారు. ఈ రంగంలో ఇవాళ కనిపించే జాగ్రత్త అంతా ఆ దెబ్బ నేర్పిందే.

ఆరోగ్యవంతుల వెంట ఏళ్ల తరబడి

నొప్పి వచ్చాక కారణం వెతికితే, ఏది ముందో ఏది వెనకో తేలదు. అందుకని అమెరికాలో 'ఒపేరా' అనే పెద్ద అధ్యయనం దారి మార్చింది. 2006 నుంచి నాలుగు చోట్ల, దవడ నొప్పి లేని 18-44 ఏళ్ల వాళ్లను చేర్చుకుంది. ఆ తర్వాత వాళ్లను వదలకుండా మూడు నెలలకోసారి పలకరిస్తూ పోయింది. ఇలా వెంట ఉన్న 2,737 మందిలో 260 మందికి కొత్తగా టీఎండీ వచ్చింది. అంటే ఏడాదికి నూటికి సుమారు నలుగురు.

వాళ్లకే ఎందుకొచ్చింది? పళ్ల వరుస కంటే ఇతర సంగతులే ముందుకొచ్చాయి. అప్పటికే నడుంనొప్పి, తలనొప్పి, కడుపునొప్పి లాంటివి ఒకటికి మించి ఉన్నవారికి ముప్పు ఎక్కువ. నొప్పి రాకముందే నిద్ర చెడటం మొదలైంది. తెలియకుండానే పళ్లు కరిచిపట్టడం, దవడను బిగించడం లాంటి అలవాట్లు ఉన్నవారూ ఎక్కువగా పడ్డారు. ఆసుపత్రికి వచ్చేవారిలో ఆడవాళ్లే చాలా ఎక్కువ. కొత్తగా నొప్పి మొదలవడంలో మాత్రం ఆడామగా తేడా అంతగా కనిపించలేదు. వచ్చిన నొప్పి ఆడవాళ్లలో ఎక్కువకాలం నిలిచిపోతుండటమే దీనికి కారణమని పరిశోధకుల ఊహ. ఈస్ట్రోజన్ హార్మోన్ పాత్ర మీద ఇంకా పరిశోధన సాగుతోంది. ఇంటి పనీ తోట పనీ నెత్తిన వేసుకున్న ఇల్లాలికి రాత్రి నిద్ర ఎన్ని గంటలో మాత్రం ఏ ల్యాబూ చెప్పక్కర్లేదు.

2020లో అమెరికా జాతీయ అకాడమీలు ఈ జబ్బు మీద పెద్ద నివేదిక ఇచ్చాయి. ఆ దేశంలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు ఐదుగురికి ఈ తరహా నొప్పి ఉందని లెక్క తేల్చాయి. దంతవైద్యం ఒక దారి, మిగతా వైద్యం ఒక దారి కావడంతో రోగి మధ్యలో పడి నలుగుతున్నాడని కుండబద్దలు కొట్టాయి. పంటి డాక్టరు చెవి డాక్టరు దగ్గరికి, ఆయన నరాల డాక్టరు దగ్గరికి, ఆయన మళ్లీ పంటి డాక్టరు దగ్గరికి.. ఈ తిరుగుడు తేనిలోనూ మధురైలోనూ తెలియనిదేం కాదు.

'రోజూ వచ్చేది ఇదేనా?'

జబ్బును గుర్తించే పద్ధతీ మారింది. 1992లో పరిశోధకుల కోసం ఒక కొలబద్ద తయారైంది. దాన్ని సరిచేసి 2014లో డాక్టర్లందరూ వాడుకునేలా విడుదల చేశారు. ఇందులో యంత్రాల కంటే వేళ్లకూ మాటలకూ పని ఎక్కువ. చెంప కండరం మీద, కణత మీద ఒక కిలో బరువంత ఒత్తిడితో నొక్కుతారు. నొప్పి పుడితే చాలదు. 'నీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?' అని అడగాలి. అవునంటేనే లెక్క. ఎవరి చెంప గట్టిగా నొక్కినా కాస్త నొప్పి పుడుతుంది కాబట్టి ఈ ప్రశ్న లేకపోతే పరీక్షే దండగ.

నాయకరాజుల కాలం నుంచి ఈ సీమలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇక్కడే ఒక చిక్కు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, మందుచీటీ మీద ఇంగ్లిష్. డాక్టరు దగ్గర 'తాడై వలి' అంటే దవడ నొప్పని అర్థమవుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ లాగుతోందా, పోటా, సలపరమా, పట్టేసిందా అన్న తేడాలు ముసలమ్మలకు ఇంటి భాషలోనే వస్తాయి. వెంట ఒక మనవడో మనవరాలో వెళ్లి ఆ మాటల్ని చెబితే రోగం సగం తేలిపోతుంది. ఎప్పటి నుంచి, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నమిలితే పెరుగుతోందా.. ఈ మూడూ ముందే అనుకుని వెళ్తే మేలు.

ఖరీదైనదే మంచిదనుకోవద్దు

2023 డిసెంబరులో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజే దీర్ఘకాలిక టీఎండీ నొప్పికి ఏ చికిత్స మంచిదో సూచనలు ప్రచురించింది. గట్టిగా సిఫార్సు చేసినవన్నీ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ వీపు నిటారుగా ఉంచే కసరత్తులు, ఫిజియోథెరపిస్టు చేత్తో కీలును ఆడించడం, గట్టిపడ్డ కండరాల ముడుల్ని నొక్కి వదులు చేయడం, నొప్పి గురించిన భయాన్నీ ఆలోచనల్నీ మార్చే కౌన్సెలింగ్, రోగికి సంగతి అర్థమయ్యేలా చెప్పి ఇంట్లో చేసుకోవాల్సినవి నేర్పడం. ఒక్కదానికీ కత్తి లేదు, సూదీ లేదు.

మామూలుగా అయితే వద్దన్న జాబితా ఇంకా పొడుగు. బొటాక్స్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్, హయలురోనిక్ ఆమ్లం సూదులు, లేజర్, గాబాపెంటిన్, నిద్రమాత్రల కోవలోని బెంజోడయజపిన్లు.. ఇవన్నీ అందులోనివే. పళ్ల మీద తొడుక్కునే తీసి పెట్టుకునే ప్లేటు కూడా ఈ జాబితాలో చేరింది. రాత్రి పళ్లు నూరేవారికి ఆ ప్లేటు పళ్లు అరగకుండా కాపాడుతుంది, అది వేరే సంగతి. నొప్పికి మందుగా దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దనే. అసలు చెయ్యనే వద్దని గట్టిగా చెప్పినవి మూడు: పళ్ల వరుసను శాశ్వతంగా మార్చేసే ప్లేట్లు, కీలు బిళ్లను కోసి తీసేసే ఆపరేషన్, నల్లమందు జాతి నొప్పి మాత్రల్ని మామూలు నొప్పి బిళ్లలతో కలిపి ఇవ్వడం.

మరి బిళ్ల అడ్డుపడి నోరు తెరుచుకోనివారి మాటేమిటి? 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో అలాంటి 106 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందులూ సలహాలూ. ఒక గుంపుకు ప్లేటు, ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్. మూడో గుంపుకు గొట్టంతో కీలులోపలికి చూసి చేసే ఆర్థ్రోస్కోపీ. నాలుగో గుంపుకు కోసి చేసే ఆపరేషన్. ఐదేళ్లయ్యాక చూస్తే నాలుగు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. అందుకే ముందు తేలికదాంతోనే మొదలుపెట్టమంటున్నారు.

ఇంట్లో చేసుకోదగ్గవి కష్టమైనవేం కావు. పదిహేను రోజులు చెరకు గడలు, పచ్చిమామిడి కాయలు, గట్టి మురుకులు పక్కన పెట్టాలి. ఇడ్లీ, గంజి, పప్పన్నంతో గడపాలి. వేడినీళ్లలో పిండిన గుడ్డతో రోజుకు రెండుమూడుసార్లు చెంపకు కాపడం పెట్టాలి. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించాలి. అన్నిటికీ మించి ఒక చిన్న అలవాటు: పెదాలు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం విడిగా ఉండాలి. బండి నడిపేటప్పుడు, సెల్‌ఫోన్ చూసేటప్పుడు ఒక్కసారి గమనించుకోండి. పళ్లు కరుచుకుని ఉన్నాయా? వదిలెయ్యండి.

మూడు వేళ్లు పట్టకపోతే..

తన చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లను నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకుంటే పెద్దవాళ్లకు పట్టాలి. అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. పట్టకపోతే ఆలోచించాల్సిందే.

ముందు వక్క సంగతి. తాంబూలం, వక్కపొడి, పొట్లాల్లో వచ్చే గుట్కా ఏళ్ల తరబడి నమిలేవారికి బుగ్గల లోపలి మెత్తటి పొర నారకట్టినట్టు బిగుసుకుపోతుంది. కారం తగిలితే మంట. నోరు రోజురోజుకూ చిన్నదవుతుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇందులో కీలు తప్పేమీ లేదు. కానీ 'దవడ పట్టేసింది' అనే అనుకుంటారు. 1952లో తూర్పు ఆఫ్రికాలో స్థిరపడ్డ భారతీయ మహిళల్లో దీన్ని వైద్య గ్రంథాలకు ఎక్కించారు. ఇది క్యాన్సర్‌గా మారగలదని బొంబాయిలో పేమాస్టర్ 1956లోనే హెచ్చరించారు. పొగాకు కలపని ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. 'పొగాకు వేసుకోను, ఒట్టి వక్కే' అని సమర్థించుకునేవారు ఈ ముక్క వినాలి.

తోటల్లో, పొలాల్లో పనిచేసేవారికి ఇంకో ప్రమాదం. కాలికి మేకో ముల్లో గుచ్చుకున్న కొద్ది రోజులకు దవడలు బిగుసుకుని నోరు తెరవలేకపోతే అది ధనుర్వాతం కావచ్చు. మొదటి గుర్తు అదే. క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో దవడ లాగి, కాసేపు కూచుంటే తగ్గిపోతే గుండెను అనుమానించాలి. జ్వరంతో చెంప వాచి నోరు పట్టేస్తే పంటి చీము. యాభై దాటినవారికి కొత్తగా కణతల్లో నొప్పి, నమిలితే దవడ అలసట, చూపు మసక వస్తే రక్తనాళాల వాపు ఉండొచ్చు. అశ్రద్ధ చేస్తే చూపు పోతుంది.

పెద్ద ఆవులింతకు దవడ జారి నోరు మూసుకోకపోవడం మరో రకం. ఇది కొత్త జబ్బేం కాదు. సుశ్రుత సంహితలోనూ జారిన దవడను సర్ది కట్టు కట్టే పద్ధతి ఉంది. తెలిసిన డాక్టరు బొటనవేళ్లతో కింది దవడను కిందికీ వెనక్కీ నొక్కి నిమిషాల్లో కూర్చోబెడతారు. తెలియనివారు గుంజితే ఎముక విరగవచ్చు.

పిల్లవాడి గడ్డానికి దెబ్బ తగిలితే..

చింతచెట్టు మీంచో మేడమెట్ల మీంచో పడి గడ్డం చిట్లితే కుట్లు వేయించి ఇంటికి తెచ్చేస్తాం. గడ్డానికి తగిలిన దెబ్బ పైకి పాకి కీలు దగ్గర ఎముక చిట్లే వీలుంది. చిన్నపిల్లల్లో అది అతుక్కునేటప్పుడు ఒక్కోసారి పుర్రె ఎముకతోనే కలిసిపోతుంది. యాంకిలోసిస్ అంటారు. మన దేశంలో దీనికి పెద్ద కారణం ఇలాంటి దెబ్బలే. చెవిలో చీము ముదిరి కీలుకు పాకినా రావచ్చు. నెలలు గడిచేకొద్దీ నోరు మూసుకుపోతుంది. అన్నం ముద్ద పట్టదు. పళ్లు తోమలేక పుచ్చిపోతాయి. కింది దవడ ఎదగక ముఖం చిన్నబోతుంది. నాలుక వెనక్కి పడి రాత్రి ఊపిరాడక గురక పెడతారు.

ఇక్కడ మాత్రం వ్యాయామంతో సరిపెట్టుకుందామంటే కుదరదు. అతుక్కున్న ఎముకను కోసి తీసి, మధ్యలో కణత కండరం పొరను పరుస్తారు. ఎదిగే పిల్లలకు పక్కటెముక మృదులాస్థిని తెచ్చి కొత్త కీలు కట్టే పద్ధతి 1990లో కబాన్ బృందం క్రమబద్ధం చేసింది. ఎదగని దవడను రోజుకింత చొప్పున సాగదీసే పరికరాలూ వచ్చాయి. ఈ పనిచేసేవారు ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్లు. పెరియకుళం జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ముందు చూపించి, క.విలక్కు దగ్గరి తేని వైద్య కళాశాలకో, మధురై రాజాజీ ఆసుపత్రికో, అవసరమైతే చెన్నై ప్రభుత్వ దంత కళాశాలకో వెళ్లొచ్చు. ఆపరేషన్ అయ్యాక అసలు కష్టం మొదలవుతుంది. నెలల తరబడి రోజూ నొప్పి ఓర్చుకుంటూ నోరు తెరిచే కసరత్తు చెయ్యాలి. పిల్లాడు ఏడుస్తున్నాడని తల్లి మానేయిస్తే ఎముక మళ్లీ అతుక్కుంటుంది. మళ్లీ ఆపరేషన్.

పందుల దాకా వచ్చిన కొత్త బిళ్ల

కీలు పూర్తిగా పాడైన పెద్దవాళ్లకు ఇప్పుడు సీటీ స్కాన్ కొలతలతో ఎవరి కీలు వారికే తయారుచేసి అమరుస్తున్నారు. టైటానియం, గట్టి పాలిథిలిన్ వాడతారు. టెఫ్లాన్ జోలికి పోరు.

కాలిఫోర్నియాలో కైరియాకోస్ అథనాసియూ బృందం వేరే దారి పట్టింది. పక్కటెముక మృదులాస్థి కణాల్ని ల్యాబులో పెంచి, వాటితో బిళ్లకు అతుకు ముక్కను తయారుచేసింది. చిన్నజాతి పందుల దవడ కీళ్లలో పలచబడ్డ బిళ్లకు దాన్ని వేస్తే మానిందని 2018లో ప్రకటించింది. పంది దవడ కీలు మనిషి కీలును పోలి ఉంటుంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. మామూలు ఆసుపత్రుల్లో రోగికి దొరికే చికిత్సగా అది ఇంకా మారలేదు. ఈలోగా ఎవరైనా 'స్టెమ్‌సెల్ ఇంజెక్షన్‌తో దవడ కీలు కొత్తదైపోతుంది' అని డబ్బు కట్టమంటే, ఏ ప్రయోగంలో తేలిందో రాసిమ్మని అడగండి.